క్షేమమని తలంచుచున్నాము

(డయోసిస్ శతవార్షికోత్సవ కూడికలలో భాగముగా జరిగిన తల్లిదండ్రుల సభయందు ఒక సంఘస్థుడు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, నేను ప్రసంగీకుడను కాను, పోస్టాఫీసులో ముద్ర కొట్టుకొని బ్రతికినవాడను అని మనవి చేసినాను. అందుకే అడుగుతున్నాము, పిల్లలు పెద్దవారై దూరముగా వెళ్ళిపోయిన తల్లిదండ్రుల సంగతి మీరు చూసినంత మేము చూడలేదు అన్నారు అయ్యగారు. ఇరవై నిమిషములు ఇచ్చినారు. వెనుక భోజనములు సిద్ధమవుతున్న వాసన మీకు వచ్చినట్లే నాకూ వస్తున్నది గనుక అంతకు మించను.

మన సంఘమునకు వార్తాపత్రిక లేదు గాని వార్తలకు కొదువ లేదు. ఆదివారము ప్రకటనలలో కార్యదర్శిగారు కృతజ్ఞత కానుకలు చదువుతారు. కుమారునికి వీసా వచ్చినందుకు ఒకరు, మనుమరాలు పుట్టినందుకు ఒకరు, కుమార్తె కొత్త ఇంటిలో ప్రవేశించినందుకు ఒకరు. ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద రెండవ ముద్రణ. ఏ ఊరిలో ఉన్నాడు, జీతమెంత, కారు కొన్నాడా, ఎప్పుడు వస్తాడు. ఇదంతా సంతోషమే. నేనూ చెప్పినాను, నేనూ విన్నాను. అయితే ఒక మాట అడుగుతాను. ఇన్ని సంవత్సరములలో "మా అబ్బాయి ఉద్యోగము పోయినది" అని గాని, "మా అల్లుడు త్రాగుతున్నాడు" అని గాని ఆ చెట్టు క్రింద మీరు విన్నారా? నేను వినలేదు. మన సంఘములో రెండు వందల కుటుంబములున్నవి. రెండు వందల ఇండ్లలో ఒక్క బిడ్డకైనా కష్టము రాలేదంటే నమ్మవలసినదేనా?

నేను 1969లో తపాలా శాఖలో గుమస్తాగా చేరి, 2008లో సబ్ పోస్టుమాస్టరుగా విరమించినాను. ఆ ముప్పై తొమ్మిది సంవత్సరములలో ఎక్కువ భాగము గోదావరి డెల్టా గ్రామములలో గడిచినది. అప్పటి ఉత్తరము మీకు జ్ఞాపకమున్నదా? నీలపు ఇన్‌లాండ్ కవరు, మూడు మడతలు, అంచుకు జిగురు. ఏ ఇంటి ఉత్తరమైనా మొదటి వాక్యము ఒకటే. "మేమందరము ఇచ్చట క్షేమము. మీరందరు అచ్చట క్షేమమని తలంచుచున్నాము." తరువాత వ్రాసేది ఏదైనా ఈ వాక్యము మాత్రము తప్పదు.

చదువు రాని తల్లులు సాయంకాలము, సంచి కట్టి పంపిన తరువాత, ఆఫీసు అరుగు మీదికి వచ్చేవారు. కొడుకు మిలిటరీలోనో, బొంబాయిలోనో, కువైట్‌లోనో ఉండేవాడు. వారు చెప్పేవారు, నేను వ్రాసేవాడను. ముందు సంగతులన్నీ నాతో చెప్పుకొనేవారు. ఇంటాయనకు పదిహేను దినములుగా జ్వరము తగ్గలేదు. పాడిగేదె చనిపోయినది. షావుకారు నోటు తిరగవ్రాయమంటున్నాడు. చెప్పి, కళ్ళు తుడుచుకొని, అప్పుడు ఉత్తరము మొదలుపెట్టమనేవారు.

"నాన్నకు జ్వరమని వ్రాయనా అమ్మా?"

"వద్దు బాబూ. వాడు అక్కడ అన్నము మానేస్తాడు."

"గేదె సంగతి?"

"ఆ మాట వ్రాయవద్దు."

"మరి ఏమి వ్రాయమంటావు?"

"అందరమూ బాగున్నామని వ్రాయండి. వేళకు అన్నము తినమని వ్రాయండి."

రెండు మడతలు ఖాళీగానే ఉండేవి. అంత తెల్లకాగితము పంపడమెందుకని నేనే వానలు పడినవని, రాములవారి గుడి వీధిలో కొత్త పంపు వేసినారని, ఫలానావారి పెండ్లి జరిగినదని నింపేవాడను. నాకు దస్తూరి బాగుండేది. మా పోస్టాఫీసు ఉత్తరము చూస్తే ఆకలి తీరినట్లుంటుందని ఒక అబ్బాయి సెలవులలో వచ్చి చెప్పినాడు. అది నాకు గొప్పగా ఉండేది.

అవతలినుంచి వచ్చే ఉత్తరములూ నేనే చదివి వినిపించేవాడను. అవీ క్షేమమే. అయితే ఒకే ఊరివారు, ఒకే చోట పని చేసేవారు ఇద్దరుంటే, ఒకడు తల్లికి వ్రాసేవాడు, ఇంకొకడు అన్నకు వ్రాసేవాడు. తల్లికి వచ్చిన ఉత్తరములో పని బాగున్నది, యజమాని మంచివాడు. అన్నకు వచ్చిన ఉత్తరములో, నాలుగు నెలలుగా ఇద్దరికీ జీతము ఇవ్వలేదు, పాసుపోర్టులు యజమాని దగ్గరనే ఉన్నవి. రెండూ ఒక్క పూటలో నేనే చదివిన దినములున్నవి. ఒక ఇంటి ఉత్తరము ఇంకొక ఇంట చెప్పరాదు. అది ఉద్యోగ ధర్మము, నేను తప్పలేదు. ఇప్పటికీ తప్పవలసినదని అనను. కాని ఆ తల్లి "మా వాడు బాగున్నాడు గదా బాబూ" అని నా ముఖములోకి చూసినప్పుడు, నేను లెడ్జరులోకి చూసేవాడను.

1990 సంవత్సరము ఆగస్టు 2వ తేదీన ఇరాక్ సైన్యము కువైట్‌లో ప్రవేశించినది. కోనసీమనుంచి, కడప జిల్లానుంచి మనవారు ఎందరో అక్కడ ఉండిరి. ఉత్తరములు ఆగిపోయినవి. టెలిఫోను లేదు. మన ప్రభుత్వము వారిని జోర్డాన్ రాజధాని అమ్మాన్‌నుంచి విమానములలో బొంబాయికి తెప్పించినది. సుమారు రెండు నెలలలో ఎయిర్ ఇండియా 488 విమాన ప్రయాణములు నడిపి, లక్షమందికి పైగా తెచ్చినదని తరువాత చదువుకున్నాము. ఆ దినములలో మాకు ఇవేవీ తెలియవు. తెలిసినదల్లా, అమ్మాన్ చేరవలెనంటే బాగ్దాద్ మీదుగా ఎడారిలో బస్సులలో పోవలెనని మాత్రమే.

మా పోస్టాఫీసు అరుగు మీద తల్లులు తెల్లవారకముందే కూర్చునేవారు. వారిలో ఒకామె ప్రతిదినము వచ్చేది. సంచి విప్పి, ఉత్తరములు వేరుచేసి, నేను తల అడ్డముగా ఊపితే లేచి వెళ్ళిపోయేది. ఏమీ అడిగేది కాదు. సెప్టెంబరు నెలలో ఒక మధ్యాహ్నము టెలిగ్రాం వచ్చినది. బొంబాయి చేరినాను, వస్తున్నాను, అని అంతే. పోస్టుమానుకు ఇవ్వక నేనే సైకిలు మీద పోయినాను. చదివి వినిపించినాను. ఆమె ఏడుస్తుందనో, నవ్వుతుందనో అనుకున్నాను. నా చేతిలోని కాగితము తీసుకొని, ఇటూ అటూ త్రిప్పి చూసి, "ఇది మా వాడు పంపినదేనా బాబూ? నన్ను ఓదార్చడానికి మీరు వ్రాసినారా?" అని అడిగినది.

ఎందుకు అడగదు? పది సంవత్సరములుగా ఆమె కష్టములన్నీ విని, ఆమె కళ్ళ ఎదుటే "అందరమూ బాగున్నాము" అని వ్రాసినది నేనే గదా. ఇట్లే ఎవరైనా నా కొడుకు కొరకు వ్రాసి ఉండవచ్చునని ఆమెకు తోచినది. కొడుకు ఇంటికి వచ్చి గుమ్మములో నిలబడేవరకు ఆమె నమ్మలేదు. ఆ అబ్బాయి దుకాణములో పని అని వ్రాసేవాడు. ఎడారిలో గొర్రెలు కాసినాడని వచ్చిన తరువాత తెలిసినది.

ఇంత చూసినవాడను నేను బుద్ధి తెచ్చుకోవలసినది. తెచ్చుకోలేదు. ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

మాకు ఇద్దరు పిల్లలు. అబ్బాయి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రములో, అమ్మాయి హైదరాబాదులో. అబ్బాయితో ప్రతి ఆదివారము ఉదయము ఆరున్నరకు వీడియో ఫోను. అప్పుడు వారికి శనివారము రాత్రి తొమ్మిది గంటలు. నవంబరు మొదటి ఆదివారమునుంచి మార్చి రెండవ ఆదివారము వరకు వారు గడియారము ఒక గంట వెనుకకు జరుపుకుంటారు గనుక ఎనిమిది. ఈ లెక్క నాకంటె మా ఆవిడకు బాగా తెలియును.

2020 మార్చిలో విదేశీ విమానములు ఆగిపోయినవి, 25వ తేదీన లాక్‌డౌన్ వచ్చినది. మే నెలలో మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకున్నది. కరోనా పరీక్ష ఫలితము వచ్చేవరకు ఆపరేషను లేదన్నారు. మూడు దినములు నొప్పితో పడియున్నది. ఆపరేషను తరువాత మరి ఎనిమిది దినములు. ఆ నడుమ ఒక ఆదివారము వచ్చినది. నెట్ సరిగా లేదు నాన్నా, మాట మాత్రమే వినబడుతుంది అని ఆసుపత్రి వరండాలో నిలబడి అబ్బాయితో చెప్పినాను. మరుసటి ఆదివారము ఇంటిలో ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, వెనుక దిండు పెట్టి, మంచి చీర కట్టించి ఫోను ముందు పెట్టినాము. వాకరు తలుపు వెనుక దాచినది నేనే. అమ్మ చిక్కినట్లున్నదేమి అన్నాడు. ఎండలు అన్నాను.

మీలో కొందరు అంటారు, దూరములో ఉన్నవానికి చెప్పి ఏమి లాభము, రాలేడు గదా, కంగారు తప్ప. నేనూ అదే అనుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆసుపత్రి ఖర్చు చేతిలో ఉన్నదంతా ఊడ్చి, పైన అప్పు మిగిల్చినది. జూన్ నెలలో రెండున్నర లక్షలు కావలసివచ్చినది. ఎందుకని అడుగుతాడు. పైన గది వేస్తున్నాను, శ్లాబు పోయించవలెను అని చెప్పినాను. వాడు ఒక్క క్షణము ఆగి, సరే నాన్నా అన్నాడు. వారములో పంపినాడు.

ఆగస్టులో ఇది బయటపడినది. మన స్త్రీల సమాజమువారు మా ఆవిడ కొరకు ప్రార్థన విన్నపము వాట్సాప్‌లో పెట్టినారు. ప్రేమతో పెట్టినారు, నేను తప్పుపట్టను. అది చేతులు మారి మా వియ్యపురాలి ఫోనుకు, అక్కడినుంచి కోడలికి చేరినది. మా మధ్యాహ్నము రెండు గంటలకు అబ్బాయి ఫోను చేసినాడు. వాడికి తెల్లవారుజాము నాలుగున్నర. కేకలు వేస్తాడేమోనని నేను సిద్ధముగా ఉన్నాను. కేకలు వేయలేదు. "శ్లాబు చూపించు నాన్నా" అన్నాడు.

ఫోను పట్టుకొని మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళినాను. బట్టలు ఆరవేసిన తీగ, నీళ్ళ ట్యాంకు, ఎండ. వాడు చూసినాడు. నేనేమీ అనలేదు, వాడేమీ అనలేదు. కొంతసేపటికి వాడు తన సంగతి చెప్పినాడు. ఏప్రిల్ ఆఖరులోనే వాడి ఉద్యోగము పోయినది. వాడి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగము పోతే అరవై దినములే గడువట. ఆ లోపల ఇంకొకటి దొరకక, కోడలి వీసా మీద ఆధారపడినవాడుగా మార్చుకున్నాడు. అట్లా మారిన తరువాత వాడికి అక్కడ పని చేయడానికి వీలులేకపోయినది. మళ్ళీ ఏదైనా కంపెనీ తీసుకొని కాగితములు పెడితే తప్ప ఇంటిలో కూర్చుని పాపను చూసుకోవలసినదే. అట్టి సమయములో, లేని శ్లాబుకు, క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి రెండున్నర లక్షలు పంపినాడు. శనివారము రాత్రి ఫోనులో కనబడేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చునేవాడట. చొక్కా వాడిది, చీర మాది.

ఆపరేషను ఖర్చు అని నేను చెప్పి ఉంటే, తన పరిస్థితి వాడు చెప్పి ఉండేవాడు. లేదా వాడు ముందు చెప్పి ఉంటే, నేను మన సొసైటీలోనో, ఇక్కడే ఎవరి దగ్గరనో తీసుకొని ఉండేవాడను. మీలో ఇద్దరు ముగ్గురు ఇచ్చేవారేనని నాకు తెలియును. కాని మిమ్మును అడగవలెనంటే, అమెరికాలో కొడుకున్నవాడు అప్పు అడిగినాడన్న మాట వేపచెట్టు క్రిందికి పోతుంది గదా! నిజము చెప్పవలెనంటే నేను భయపడినది వాడి కంగారుకు కాదు, మీకు.

డిసెంబరులో వాడికి మళ్ళీ ఉద్యోగము దొరికినది. దానికి కృతజ్ఞత కానుక వేసినాము. ఏ కారణముచేతనో ఆ కాగితము మీద "ఉద్యోగము దొరికినందుకు" అని వ్రాయక, "దేవుడు చేసిన మేలులకు" అని వ్రాసినాను. కార్యదర్శిగారు అట్లే చదివినారు.

ప్రతి దగ్గు, ప్రతి తుమ్ము చెప్పమని నేను అనడములేదు. రాత్రి పూట వచ్చిన నొప్పిని తెల్లవారక ముందే ఫోనులో చెప్పి, అక్కడివానికి నిద్ర లేకుండా చేసే తల్లిదండ్రులూ ఉన్నారు. మా ఇంటిలో ఇప్పుడు మా ఆవిడ పెట్టిన పద్ధతి ఇది. డాక్టరు చూసి ఇదీ అని చెప్పిన తరువాత, వారికి పగలు వేళ చూసి, ఖర్చు ఎంత, చేతిలో ఎంత ఉన్నది, వాడు రావలెనా అక్కరలేదా అన్నది కూడ కలిపి చెప్పవలెను. "అమ్మకు బాగాలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేయడము దాచడముకంటె హీనము. కువైట్‌లో ఉన్న పిల్లలు గలవారు శుక్రవారము చెప్పండి. వారికి ఆ దినము సెలవు, గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక.

పిల్లలు దూరముననున్న ఇంటి సంగతి ఇది. ఒకే ఇంటిలో, పైఅంతస్తులో కొడుకు ఉండి, క్రింద తల్లి ఉన్న చోట గుట్టు ఇంకా గట్టిది. నాకు తెలిసిన ఒక విధవరాలు, ఊరు చెప్పను, ఉన్న ఒక్క ఇల్లు ప్రేమకొలది కొడుకు పేర వ్రాసి యిచ్చినది. రెండు సంవత్సరములు పొరుగువారికి కూడ తెలియలేదు, ఆమెకు పూటకూ పూటకూ అన్నము అందడములేదని. మా వాడిని నలుగురిలో పెట్టలేనని నోరు విప్పలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కొరకు 2007లో చట్టము వచ్చినది. ఆర్.డి.ఓ. స్థాయి అధికారి ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చును. పోషించవలెనన్న షరతు దానపత్రములో వ్రాయించుకొని ఉంటే, ఆ మాట తప్పినప్పుడు ఆ పత్రము చెల్లదని అడుగవచ్చును. ఆమె పత్రములో ఆ షరతు లేదు. వ్రాసేటప్పుడు ఆ మాట అనడానికి సిగ్గుపడినానని నాతో చెప్పినది. ఇల్లు పిల్లలకు ఇవ్వదలచినవారు ఆ ఒక్క వాక్యమునకు సిగ్గుపడవద్దు. మంచి కొడుకు ఆ వాక్యము చూసి నొచ్చుకోడు.

ఇంక వేపచెట్టు. మనము చెప్పకపోవడానికి మన ప్రశ్నలు కూడ కారణమని నాకు తోస్తున్నది. ఇంకా సంబంధము కుదరలేదా? ఏమైనా విశేషమా? పండుగకు అల్లుడు రాలేదేమి? ఇవి ప్రేమతో అడిగినవే. మన సంఘములో ఒక సహోదరి, కుమార్తె పుట్టింటికి తిరిగివచ్చిన తరువాత ఎనిమిది నెలలు ఆరాధనకు రాలేదు. ఆరోగ్యము బాగాలేదనుకున్నాము. చూడబోయినప్పుడు ఆమె మా ఆవిడతో అన్నది, గుడికి రావడము కష్టము కాదమ్మా, గుడినుంచి గేటు వరకు నడవడమే కష్టము అని. అడిగినవారిలో మా ఆవిడ కూడ ఒకతె. ఈ మాట చెప్పడానికి ఆమె సెలవు తీసుకున్నాను. మూడవ వరుసలో కూర్చుని నన్ను చూస్తున్నది గనుక, ఆమెకంటె నేనే రెండుసార్లు ఎక్కువ అడిగినానని కూడ ఒప్పుకుంటున్నాను.

నాకిచ్చిన సమయము అయిపోయినది. ఊరికే దిగిపోక, ఈ వారము మా ఇంటి వార్తలు చెప్పి దిగుతాను.

మా ఆవిడ కర్రతో గేటు వరకు నడుస్తున్నది. మెట్లు ఎక్కలేదు, ఇక ఎక్కదని డాక్టరు చెప్పినాడు. నాకు ఎడమ కంటిలో పొర వచ్చినది, పండుగ తరువాత ఆపరేషను. అబ్బాయి ఉద్యోగము ఉన్నది, అప్పు ఇంకా కొంత మిగిలియున్నది. మనుమరాలు తెలుగు అర్థము చేసుకుంటుంది గాని మాట్లాడదు, ఫోను దగ్గరికి రమ్మంటే దాక్కుంటుంది. పైన శ్లాబు వేయలేదు.

మా అమ్మాయి, అల్లుడు క్రిస్మసునుంచి వేరువేరుగా ఉంటున్నారు. ఇది మీకెవరికీ చెప్పలేదు. నిన్న రాత్రి ఆమెనడిగి, చెప్పమన్న తరువాతనే చెబుతున్నాను. పిల్లవానిని ఇక్కడి బడిలో చేర్చడానికి శుక్రవారము వస్తున్నది. ఆదివారము మా ఆవిడ ప్రక్కన, మూడవ వరుసలోనే కూర్చుంటుంది. ఆరాధన తరువాత పలకరించండి. పిల్లవాడు ఏ తరగతి అని అడగండి. మూడవ తరగతి.